కేతిగాడి నోరు, రాజకీయ వంత మాట: ఆట ఎప్పుడు ఉద్యమమవుతుంది?

బుర్రకథలో నిలబడేది ముగ్గురు. నడుమ కథకుడు, భుజాన తంబురా, చేతికి అందెలు. అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకుని ఇద్దరు వంతలు. ఈ ఇద్దరిలో ఒకరిది హాస్యం. రెండో ఆయన్ని రాజకీయ వంత అనే పిలుస్తారు. నడిచేది బొబ్బిలి యుద్ధమైనా పల్నాటి యుద్ధమైనా సరే, మధ్యలో కథను ఆపి, దాన్ని ఇప్పటి ధరలకూ దొరలకూ ముడివేసి అడగడం ఆయన పని. అంటే రాజకీయం మాట్లాడ్డానికి ఒక మనిషిని మన పల్లె కళ ముందే నియమించుకుంది. అది ఎవరో బయటివాళ్లు తెచ్చి పెట్టింది కాదు.

ఈ మాట ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, నాటకాన్నీ బొమ్మలాటనీ ఉద్యమానికి వాడుకోవడం గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు రెండు రకాలుగా పొరబడుతుంటారు. కళలో రాజకీయం చొప్పిస్తే కళ చెడుతుందని కొందరంటారు. మంచి సందేశముంటే చాలు, జనం మారతారని ఇంకొందరంటారు. నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో జరిగిందాన్ని దగ్గరగా చూస్తే ఈ రెండూ నిలవవు. ఒకే ఊళ్లో ఒక ఆట జనాన్ని లేపి నిలబెడుతుంది, ఇంకో ఆట చూసి లేచి ఇంటికి పోతారు. తేడా ఎక్కడుందన్నదే నా ప్రశ్న.

మాది కలిగిరికి పడమరగా ఉన్న పల్లె. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఊరికి తోలుబొమ్మలాటవాళ్లు వచ్చారు. పైటేళకే దిగి, గుడి ముందు గుంజలు పాతి, రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టిన తెర బిగించారు. సాయంత్రం దాకా వాళ్లలో ఇద్దరు ఊరంతా తిరిగారు. ఒకరు ఇంటింటికీ పోయి బియ్యం అడిగారు, ఇంకొకరు టీ అంగడి దగ్గర కూర్చుని మాట కలిపారు. వాళ్లు బియ్యంతో పాటు ఊరి సంగతులు కూడా మూట కట్టుకున్నారని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

రాత్రి కథ రామాయణం. అశోకవనంలో సీతమ్మ ఏడుస్తుంటే మధ్యలో నవ్వించే బొమ్మ కేతిగాడు ఊడిపడ్డాడు, వెనకే వాడి జోడు బంగారక్క. "ఏందే, ఇట్టా చీకట్లో తడుముకుంటా వొస్తన్నావు?" అని వాడు. "దీపంలో చమురు యాడిదిరా! మన డీలరు కొలత డబ్బాలో బొటనవేలు ముంచి కిరసనాయిలు పోస్తన్నాడు. నా వొంతు చమురు ఆయన వేలే తాగింది" అని ఆమె. జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. ముందు వరసలో తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్న డీలరు కూడా నవ్వాడు. నవ్వకపోతే ఆ వేలు తనదేనని ఒప్పుకున్నట్టే కదా.

ఆ వారం కిరసనాయిలు కోసం మా అమ్మతో పాటు నేనూ లైన్లో నిలబడ్డాను. ఎవరూ నోరు తెరవలేదు. కానీ అందరి కళ్లూ ఆయన బొటనవేలు మీదే ఉన్నాయి. ఆయన ఆ వేలిని డబ్బా అంచు మీద, అందరికీ కనబడేట్టు పట్టుకుని పోశాడు.

నాకు తెలిసి ఆట చేసే పనంతా ఈ వేలిలోనే ఉంది. కొత్త విషయం ఒక్కటి కూడా చెప్పలేదు బంగారక్క. డీలరు తక్కువ పోస్తాడని ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు. కానీ ఆ సంగతి మిగతావాళ్లకు కూడా తెలుసన్న సంగతి ఎవరికీ గట్టిగా తెలియదు. అందరూ ఒకచోట కూర్చుని ఒకేసారి నవ్వినప్పుడు ఆ గుట్టు విడిపోయింది. తెలిసిందే అయినా నలుగురిలో పడేసరికి దానికి బలం వచ్చింది.

మరి ఆ మాట మనిషి ఎందుకు అనలేడు, బొమ్మ ఎందుకు అనగలదు? ఆ రాత్రే నేను తెర వెనక్కి పోయి చూశాను. ఎండిన తోలు వాసన, ఆముదం వాసన. ఒకాయన రెండు చేతుల్లో రెండు బొమ్మలు పట్టుకుని, కాలి కింద చెక్కను టకటకలాడిస్తూ చెమటలు కక్కుతున్నాడు. ఆయన భార్య సీతమ్మ పాట పాడి, మరు నిమిషంలోనే గొంతు మార్చి బంగారక్క తిట్లు తిట్టింది. తెరకు ఆనించినంత సేపే బొమ్మకు రంగులు. కాస్త వెనక్కి తీస్తే చిల్లులు పొడిచిన మేకతోలు. ముందు కూర్చున్నవాళ్లకు ఆ మనిషి కనబడడు. తిట్టిందెవరంటే కేతిగాడు, బంగారక్క. వాళ్లకు ఇల్లు లేదు, పొలం లేదు, రేషన్ కార్డు లేదు. వాళ్ల మీద పగ పట్టడానికి ఏమీ లేదు. పైగా ఆడించేవాళ్లు పొద్దున్నే మూట కట్టుకుని ఇంకో ఊరు పోతారు. బొమ్మకు ఆ చనువు ఊరే ఇచ్చింది. శతాబ్దాలుగా ఇస్తూ వస్తోంది.

ఇదే సూత్రం ఎక్కడెక్కడో కనబడుతుంది. అమెరికాలో పీటర్ షూమన్ 1963లో న్యూయార్క్‌లో బ్రెడ్ అండ్ పప్పెట్ అనే జట్టు పెట్టాడు. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపుల్లో మనిషి కంటే ఎన్నో రెట్లు పెద్ద బొమ్మల్ని భుజాల మీద మోసుకుంటూ నడిచారు. ఆట చూసినవాళ్లకు తాము కాల్చిన రొట్టె పంచేవారు. తిండి ఎంత అవసరమో ఆట కూడా అంతే అవసరమని వాళ్ల నమ్మకం. పేరులో రొట్టె ఉన్నది అందుకే. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా ఊరి బియ్యం మూట గుర్తొచ్చింది. అక్కడ ఆడేవాళ్లు చూసేవాళ్లకు పెట్టారు, ఇక్కడ చూసేవాళ్లు ఆడేవాళ్లకు పెట్టారు. ఎటు నుంచి ఎటు పోయినా, ఆటకూ అన్నానికీ ఉన్న లంకె మాత్రం అదే.

అయితే బొమ్మకు ఉన్న రక్షణ దాన్ని పట్టుకున్న చేతికి ఎప్పుడూ ఉండదు. నాజీలు చెక్ దేశాన్ని ఆక్రమించిన రోజుల్లో అక్కడ పేరున్న బొమ్మలాట కళాకారుడు యోసెఫ్ స్కుపాను 1944లో జైల్లో పెట్టారు. మన దేశంలో తెల్లదొరలు 1876లోనే నాటక ప్రదర్శనల చట్టం తెచ్చారు. కలకత్తాలో వేల్స్ యువరాజు రాక మీద ఎగతాళి నాటకం వేశారని కోపం వచ్చి చేసిన చట్టం అది. దేశానికి స్వతంత్రం వచ్చాక కూడా ఆ చట్టం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. 2018లో గానీ పోలేదు. పుస్తకం కంటే నాటకానికే ఎక్కువ భయపడ్డారంటే కారణం ఉంది. పుస్తకం ఒక్కడే చదువుకుంటాడు, అదీ చదువొస్తే. నాటకాన్ని వందమంది ఒక్కసారే చూస్తారు, చూసినవాళ్లు పక్కవాడి మొహం కూడా చూస్తారు.

మన వైపు ఈ చరిత్రకు మొదటి పెద్ద మలుపు 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి, కమ్యూనిస్టు ఉద్యమంతో కలిసి నడిచిన కళాకారుల సంఘం. గుంటూరు దగ్గర పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ బుర్రకథకు మూలమైన జంగం కథకు కొత్త ఊపిరి పోసి, బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మా భూమి' నాటకం ఊరూరా ఆడితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి ఆ నిషేధం మన పల్లెలకూ వర్తించింది. వాళ్లు చేసిన తెలివైన పని ఒకటుంది. కొత్త రూపం కోసం వెతుక్కోలేదు. జనం అప్పటికే రాత్రంతా మేలుకుని చూసే రూపాన్ని పట్టుకుని, అందులో రాజకీయ వంతకు ఇంకాస్త చోటిచ్చారు. తందాన తాన అనే పల్లవి ఎప్పటిదో. అడిగే ప్రశ్న మాత్రం ఆనాటిది.

నలభై ఏళ్ల తర్వాత ఢిల్లీ దగ్గర సాహిబాబాద్‌లో, ఝండాపూర్ అనే కార్మికవాడలో సఫ్దర్ హష్మీ జట్టు వీధి నాటకం ఆడుతుంటే 1989 జనవరి 1న దాడి జరిగింది. రామ్ బహదూర్ అనే కార్మికుడు చనిపోయాడు, మర్నాడు సఫ్దర్ కూడా ప్రాణం విడిచాడు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ, మిగతా జట్టు అదే చోటికి పోయి ఆగిపోయిన నాటకాన్ని పూర్తి చేశారు. వీధి నాటకం అనే మాట దేశమంతా గట్టిగా వినబడిన రోజులవి. ఆ గాలే రెండేళ్లలో నెల్లూరు దాకా వచ్చింది. ఇక్కడ అది పట్టిన దారి మాత్రం వేరు.

సారా వ్యతిరేక ఉద్యమం గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు. అది రాజుకున్న దూబగుంట పేరు తెలుసు, అక్కడ ముందు నిలబడిన రోశమ్మ పేరు తెలుసు. కానీ దాని మొదట్లో ఆటపాటలకున్న స్థానాన్ని చాలామంది మరచిపోయారు. జాతీయ అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా నెల్లూరు జిల్లాలో 'అక్షర దీపం' మొదలైంది. 1991లో రాత్రి బడులు నడిచాయి. అవి నిలబడడానికి ముందు కళాజాతాలు ఊరూరా తిరిగాయి. జనవిజ్ఞాన వేదికవాళ్లు, టీచర్లు, పాట వచ్చిన పల్లె కుర్రాళ్లు, అమ్మాయిలు ఒక జట్టుగా ఏర్పడి, డప్పు పట్టుకుని సాయంత్రానికి ఒక ఊరు చేరేవారు. పాటలు, చిన్న చిన్న నాటికలు. వేలిముద్ర వేసి మోసపోయిన మనిషి, కూలి డబ్బులు లెక్క తెలియక పోగొట్టుకున్న ఆడమనిషి, తాగొచ్చి తన్నే మొగుడు. అన్నం ఆ ఊరివాళ్లే పెట్టేవారు.

ఇక్కడొక చిక్కుముడి ఉంది. దీన్ని విప్పితే తప్ప మిగతాది అర్థం కాదు. ఈ కళాజాతాలకు డబ్బిచ్చింది ప్రభుత్వం. జిల్లా అధికారులే ముందుండి నడిపించారు. మరి ప్రభుత్వ సొమ్ముతో ఆడిన ఆట ప్రభుత్వ సారా ఆదాయానికే ఎలా ఎదురు తిరిగింది? ఆ ఆదాయం చిన్నది కూడా కాదు. రాష్ట్రానికి ఎక్సైజ్ మీద 1970-71లో వచ్చింది దాదాపు 39 కోట్లయితే, 1991-92కు అది 800 కోట్లు దాటింది. 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలోకి ఎక్కించాక, తాగాలనుకున్నవాడు దుకాణానికి పోవాల్సిన పని కూడా లేకుండా సరుకే పొలం గట్టు దాకా వచ్చింది.

నా మటుకు నాకు అర్థమైంది ఇది. కళాజాతా సారా మానండి అని చెప్పినందుకు ఉద్యమం రాలేదు. మానండి అని అప్పటికే చాలామంది చెప్పి ఉన్నారు, గోడల మీద రాసి ఉన్నారు. కళాజాతా తెచ్చిన మొదటి మార్పు, రాత్రిపూట ఆడవాళ్లు ఇంటి నుంచి బయటికొచ్చి ఒకచోట కూర్చోవడానికి ఒక మంచి సాకు దొరకడం. నాటకం చూడ్డానికి పోతున్నామంటే అత్త కాదనదు. మర్నాటి నుంచి బడికి పోతున్నామంటే మొగుడు పెద్దగా అడ్డు చెప్పలేడు, ఎందుకంటే కలెక్టరే చెప్పాడు. అలా కూర్చున్నాక, నాటికలో తాగొచ్చిన మొగుడు పెళ్లాం జుట్టు పట్టుకున్నప్పుడు, చూస్తున్న నలభైమంది ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఊరి లైన్లో బొటనవేలు మీద పడిన చూపు లాంటిదే ఈ చూపు. నా ఖర్మ అనుకున్నది మన ఊరి బాధ అయింది.

ఆ తర్వాత వాచకం వచ్చింది. అక్షరాలు నేర్చుకున్నవాళ్ల కోసం వేసిన ఆ పుస్తకంలో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించిన కథను 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పేరుతో పాఠంగా పెట్టారు. కలిగిరి మండలంలోని ఒక పల్లెలో జరిగింది జిల్లా అంతా అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. దీన్ని నేను నాటకం రెండో అంకమే అంటాను. మొదటి అంకంలో కల్పిత ఆడమనిషి, రెండో అంకంలో నిజమైన ఆడవాళ్లు, మూడో అంకానికి చూస్తున్నవాళ్లే వేషాలు కట్టారు. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని అంగళ్ల ముందు నిలబడ్డారు. సారా రక్కసి దిష్టిబొమ్మలు చేసి తగలబెట్టారు. ఎవరూ వాళ్లకు రిహార్సల్ చేయించలేదు.

ఇంకొకటి, ఎవరి మీద పోరాడాలో ఆ శత్రువు ఊళ్లోనే, నడిచి పోగలిగినంత దూరంలో ఉన్నాడు. ఢిల్లీ పోనక్కర్లేదు, దరఖాస్తు రాయనక్కర్లేదు. రాత్రి చూసిన దాని మీద పొద్దున చేయగలిగిన పని ఒకటి కళ్లెదుట ఉంది. ఇది లేని చోట ఎంత గొప్ప నాటకమైనా గుండె బరువు పెంచి ఇంటికి పంపిస్తుంది, అంతే. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలంపాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి జిల్లాలో సారా నిషేధించారు. అదే ఏడు అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది.

1997లో దాన్ని ఎత్తేశారు. ఈ సంగతి దాచిపెట్టి కళాజాతా గొప్పతనం మాత్రమే చెబితే అది అబద్ధమవుతుంది. ఆట ఊరి అంగడి దాకా నడిపించింది. ఖజానా లెక్కల్లో మద్యం ఆదాయానికి బదులుగా ఏం పెట్టాలన్నది వేరే పోరాటం. దానికి వేరే సంఘం కావాలి, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. ఆ పని కూడా నాటకమే చేయాలని అడగడం న్యాయం కాదు. అయినా, రాత్రి బడిలో సంతకం నేర్చుకున్న ఆడవాళ్లు ఒక ప్రభుత్వం చేత సారా మాన్పించారన్నది ఎవరూ తీసేయలేరు.

ఇప్పుడు రెండో రకం ఆట గురించి చెబుతాను. ఇది నేను కళ్లారా చూసింది, ఇప్పటికీ మింగుడుపడనిది.

కొన్నేళ్ల కిందట కనిగిరి వైపు ఒక ఊరికి, తెలిసిన కుర్రాళ్ల జట్టుతో పాటు నేనూ పోయాను. హార్మోనియం వాయించేవాడు రాలేదని నన్ను పిలిచారు. ఒక సంస్థ వాళ్లకు మరుగుదొడ్ల మీద నాటికలు ఆడమని రోజుకింత అని ఇచ్చింది. కథ, మాటలు, పాట అన్నీ ఆ సంస్థే రాయించి పంపింది. ఆడిన ఊరి ఫోటోలు, సర్పంచ్ సంతకం తెచ్చిస్తేనే డబ్బులు. ఆ ప్రాంతంలో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువని, పళ్లకు గారలు, వంగిన కాళ్లు, బిగుసుకుపోయిన నడుములు అక్కడ ఇంటింటి కథ అని తెలిసినవాళ్లకు తెలుసు. మంచి నీళ్లు ట్యాంకరు మీద వస్తాయి.

కుర్రాళ్లు బాగానే ఆడారు. చెంబు పట్టుకుని పొలానికి పోయే మామ, సిగ్గుతో తలదించుకునే కోడలు, చివర్లో అందరూ కలిసి మరుగుదొడ్డి పాట. అయిపోయిందనుకునేసరికి వెనక నుంచి ఒక ముసలావిడ లేచింది. నడుం సరిగా నిలవడం లేదు, గోడ పట్టుకుంది. "అంతా బానే ఉంది నాయినా. మూడు రోజులకోసారి ట్యాంకరొస్తే బిందెకు కొట్టుకు చస్తన్నాం. దొడ్లో పొయ్యడానికి నీళ్లు యాడ్నించి తేవాల? ముందు ఆ ఆట ఆడండి" అంది.

కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల చేతిలో ఉన్న కాగితాల్లో ఆమె మాటకు జవాబు లేదు. జట్టు పెద్ద చేతులు జోడించి "తప్పకుండా అవ్వా" అని ఫోటో కోసం అందర్నీ దగ్గరికి పిలిచాడు. నేను హార్మోనియం మూసేశాను. ఆ రోజు ఆ ఊళ్లో నిజమైన నాటకం ఆమెది. మేము దాన్ని ఆపేశాం.

ప్రచారానికీ రంగస్థలానికీ మధ్య గీత ఇదే. ప్రచారం జవాబుతో వస్తుంది. ప్రశ్న చూసేవాళ్లలోంచి వస్తే దానికి ఊపిరాడదు. కేంద్ర ప్రభుత్వం 1954లోనే పాటలు, నాటకాల విభాగం ఒకటి పెట్టి బొమ్మలాటనీ బుర్రకథనీ కుటుంబ నియంత్రణకూ పొదుపు పథకాలకూ వాడుకుంది. దాంతో ఎందరో కళాకారులకు నాలుగు మెతుకులు దొరికాయి, అది చిన్న సంగతి కాదు. కానీ అదే చేత్తో రాజకీయ వంత నోట్లో ప్రభుత్వం మాట పెట్టారు. డీలరు బొటనవేలి గురించి మాట్లాడాల్సినవాడు డీలరు తరఫున మాట్లాడితే ఊరు కనిపెట్టేస్తుంది. నవ్వుతుంది, చప్పట్లు కొడుతుంది, లేచి పోతుంది. కేతిగాడికి శతాబ్దాలుగా ఇచ్చిన చనువును అలాంటి ఒక్కో ఆట కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టేస్తుంది.

నెల్లూరులో కూడా డబ్బు ప్రభుత్వానిదే కదా అంటే, అవును. అసలు తేడా డబ్బులో లేదు. నెల్లూరు జట్లు ఆట అయిపోయాక ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఆడినవాళ్లలో ఒకరో ఇద్దరో ఆ రాత్రి బడికే వాలంటీర్లుగా మిగిలారు. ఆడవాళ్లు బడిలో మాట్లాడుకుంటూ ఎటు పోతే పాఠం అటు పోయింది. చివరి సీను ఎలా ఉండాలో ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు.

ఈ చివరి సీను సమస్యనే బ్రెజిల్‌కు చెందిన ఆగస్టో బోల్ జీవితమంతా పట్టుకుని కూర్చున్నాడు. అక్కడి సైనిక పాలకులు 1971లో ఆయన్ని అరెస్టు చేసి, హింసించి, దేశం వదిలిపోయేలా చేశారు. 1973లో పెరూలో ఒక అక్షరాస్యతా కార్యక్రమంలో పనిచేస్తూ ఆయన ఫోరం థియేటర్‌కు రూపం ఇచ్చాడు. అక్కడ కూడా అక్షరాస్యతే, గమనించండి. మొదట్లో ఆయన చూసేవాళ్లనే సలహా అడిగి, ఆ సలహాను నటుల చేత ఆడించేవాడు. ఒకరోజు ఒకావిడ చెప్పిన సలహాను నటులు ఎన్నిసార్లు ఆడినా, నేను చెప్పింది అది కాదు, అది కాదు అంటూనే ఉందట. విసిగిపోయి, నువ్వే వచ్చి చేసి చూపించమన్నాడు. ఆమె వేదికెక్కింది. అప్పటి నుంచి చూసేవాళ్లే లేచి వచ్చి నటుడి స్థానంలో నిలబడి కథను మార్చే పద్ధతి పుట్టింది. తర్వాత ఆయన రియో నగరంలో కౌన్సిలర్‌గా గెలిచి, ఇలాంటి ఆటల్లో జనం చెప్పినవాటిలోంచి 13 చట్టాలు చేయించాడు. మన దేశంలో బెంగాల్‌లోని జన సంస్కృతి జట్టు 1985 నుంచి పల్లెల్లో ఈ దారినే నడుస్తోంది.

కనిగిరి ముసలావిడా, పెరూ ఆడమనిషీ అన్నది ఒకటే: నేను చెప్పేది అది కాదు. ఒకచోట వేదికెక్కమన్నారు, ఇంకోచోట ఫోటోకి రమ్మన్నారు.

దిష్టిబొమ్మ గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. మనం రోజూ చూసే రాజకీయ బొమ్మలాట నిజానికి అదే. గడ్డి కుక్కి, పాత చొక్కా తొడిగి, మొహానికి ఫోటో అంటించి, నాలుగురోడ్ల కూడలిలో కిరసనాయిలు పోసి తగలబెడతారు. కొత్త ఇంటికి దిష్టి తగలకుండా కట్టే బొమ్మనే అధికారానికి దిష్టి తీయడానికి వాడటం మంచి ఊహే. కానీ ఆ బొమ్మ మాట్లాడదు. ఎదురు ప్రశ్న వేయదు. ఐదు నిమిషాల్లో బూడిదైపోతుంది, ఆ ఐదు నిమిషాలూ కెమెరా కోసమే. సారా రక్కసి బొమ్మను తగలబెట్టిన ఆడవాళ్లకు దాని ముందు ఏడాది పాటు కూర్చుని మాట్లాడుకున్న రాత్రులున్నాయి. ఆ రాత్రులు లేకుండా మంట ఒక్కటే మిగిలితే దానికి బలం ఎక్కణ్నుంచి వస్తుంది?

తోలుబొమ్మలవాళ్ల బతుకు గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. ఆంధ్ర తోలుబొమ్మలాటకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అనంతపురం వైపు నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. కానీ ఇప్పుడు చాలా కుటుంబాలకు కూడు పెడుతున్నది ఆట కాదు, తోలు లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే పటాలు. వాటి మీద రాముడు ఉంటాడు, నెమలి ఉంటుంది, పూల తీగ ఉంటుంది. కేతిగాడిని ఎవరూ డ్రాయింగ్ రూమ్‌లో పెట్టుకోరు. కళ బతికిందనుకుంటున్నాం, దాని నోరు పోయింది. బొమ్మ చెక్కడం నేర్చుకున్న పిల్లలకు ఊళ్లో పైటేళకే దిగి, టీ అంగడి దగ్గర కూర్చుని, ఆ ఊరి డీలరు ఎక్కడ వేలు ముంచుతున్నాడో కనిపెట్టే విద్య ఎవరు నేర్పుతారు? నిధులివ్వాల్సింది దానికి. ఊరికి ఒక రోజు ముందు పోయి ఉండటానికి, ఆట అయ్యాక ఒక రోజు ఆగడానికి.

కనిగిరి కుర్రాళ్ల సంగతి మిగిలిపోయింది. ఆ రోజు తిరిగి వస్తూ ఆటోలో ఎవరూ సరిగా మాట్లాడలేదు. వారం తర్వాత జట్టు పెద్ద ఫోన్ చేసి, ఆ చుట్టుపక్కలే ఇంకో ఊళ్లో ఆడుతున్నాం, హార్మోనియం వద్దు, ఊరికే రా అన్నాడు. పోయాను. మరుగుదొడ్డి నాటిక అనుకున్నట్టే ఆడారు, ఫోటోలు తీసుకున్నారు, సర్పంచ్ సంతకం పెట్టించుకున్నారు. సంతకం అయ్యాక లైట్లు తీయకుండా, ఒక ఖాళీ బిందె తెచ్చి నడుమ పెట్టి జట్టంతా జనంలోకి పోయి కూర్చుంది.

రెండు నిమిషాలు ఎవరూ కదల్లేదు. పిల్లలు కిసుక్కున నవ్వారు. తర్వాత ఒకామె లేచి, "ఇది నా నెంబరు, నిన్న పొద్దున అయిదుకే పెట్టినా" అని ఆ బిందె దగ్గర నిలబడింది. ఇంకొకామె లేచి "నీదెట్టా అవుద్దే, ముందు పెట్టింది నేను" అంది. ఇద్దరూ తగువుకు దిగారు. అది ఆటో నిజమో నాకు తెలియలేదు, వాళ్లకూ తెలిసినట్టు లేదు. మూడో ఆమె వచ్చి ఇద్దరినీ విడదీసి, బిందె చంకనెత్తుకుంది. "మనం మనం కొట్టుకుంటే ట్యాంకరొస్తాదా?" అంటూ నేరుగా వీధి చివరికి పోయి పంచాయతీ ఆఫీసు మెట్టు మీద దాన్ని పెట్టి వచ్చింది.

మేము ఆ రాత్రి బడి వరండాలో పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే ఆ మెట్ల మీద పదకొండు బిందెలున్నాయి.